రొట్టె లేని కోతల విందు

ఎర్రోల్ ఒట్టి నిక్కరుతో నిలబడి, పెరట్లో నీళ్ళ గొట్టంతో గడ్డం కడుక్కుంటున్నాడు.

గడ్డంలో గోధుమ దుమ్ముంటే ఇంట్లోకి ప్రవేశం లేదు. మనవరాలిని ముద్దాడాలంటే ముందు గడ్డం, తర్వాత చేతులు, ఆ తర్వాత గోళ్ళ సందులు. కూతురు టామ్సిన్ పెట్టిన చట్టం అది.

ఇంటి చుట్టూ కనుచూపు మేర పొలమంతా ఆయనదే. అంతా గోధుమే. ఆయన తండ్రీ, తాతా పండించింది కూడా అదే.

మనవరాలు నెల్లీకి మాత్రం గోధుమ నలుసు కడుపులో పడినా పేగు పాడవుతుంది. సీలియాక్ జబ్బు అన్నారు పెర్త్ నగరం డాక్టర్లు. పాలు, గుడ్డు, సోయా కూడా పడవని తర్వాత తేలింది. మూడేళ్ళు నిండని పిల్లకి దేవుడు ఇన్ని పేచీలెందుకు పెట్టాడో ఎర్రోల్‌కి ఇప్పటికీ అర్థం కాదు.

మొన్న చలికాలంలో, టామ్సిన్ బట్టలు ఆరేస్తుంటే, పిల్ల ఆకలంది. ఎర్రోల్ బియ్యప్పిండి బిస్కెట్టు మీద రొట్టెల మీద రాసుకునే నల్లటి ఉప్పటి పూత రాసి పెట్టాడు. ఈ దేశంలో పళ్ళు రాని పిల్లలు కూడా నాకే పూత అది.

రొట్టె పెట్టకపోతే చాలనుకున్నాడు పాపం. అందులో బార్లీ ఉంటుందని, అదీ గోధుమంత చేటేనని ఎవరికి తోస్తుంది?

నెల్లీ వారం పాటు వాంతులతో వాడిపోయింది.

టామ్సిన్ ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ రోజు నుంచి పిల్ల నోట్లోకి ఏది వెళ్ళినా తన చేత్తోనే పెట్టింది. ఎక్కడికెళ్ళినా నెల్లీకి వేరే డబ్బా, వేరే కుర్చీ, వేరే మూల.

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఎర్రోల్ బాధ.

కోతలయ్యాక చుట్టుపక్కల రైతులంతా ఊరి టెన్నిస్ కోర్టులో కలిసి తింటారు. ఇంటికో వంటకం తేవాలి. ఈసారి పెత్తనం ఎర్రోల్‌ది. కూతురికి చెప్పకుండా, ఇంటింటికీ తనే ఫోన్ చేశాడు.

“రొట్టె వద్దా?” అంది బెరిల్. ఊళ్ళో కేకులకి ఆవిడదే పేరు.

“పొడి కూడా రాలకూడదు. వెన్న వద్దు, గుడ్డు వద్దు. సోయా సాసు అసలే వద్దు.”

“మరి ఆ పిల్ల గాలి మేసి బతుకుతోందా?”

“మాంసం తింటుంది, బంగాళాదుంపలు తింటుంది, నా బుర్ర తింటుంది. నువ్వు ద్రాక్షపళ్ళు పట్రా.”

“నా కేకు లేకుండా కోతల విందు ఎప్పుడైనా జరిగిందా? నా పరువు తీస్తున్నావు, ఎర్రోల్,” అని ఫోన్ పెట్టేసింది.

విందు రోజున మాత్రం అందరికంటే ముందు వచ్చింది. మూతి ముడుచుకునే ఉంది. చేతిలో బేసిన్ నిండా ద్రాక్షపళ్ళు.

విందులకి వాడే పాత పెనానికి ఏళ్ళ తరబడి రొట్టె పొడి పట్టి ఉంటుందని, ఎర్రోల్ షెడ్డులో మందపాటి ఇనుప రేకు కోసి కొత్త పెనం చేశాడు. మాంసం కొట్లో దగ్గరుండి, పిండి కలపని సాసేజీలు చేయించాడు. కోర్టు గేటు దగ్గర నీళ్ళ గొట్టం, సబ్బు పెట్టాడు. కోతలు కోసిన మగాళ్ళంతా బుద్ధిగా వరసలో నిలబడి చేతులు కడుక్కున్నారు.

“గోధుమ కోతల విందులో ఒక్క రొట్టె ముక్క లేదు. మా నాన్న బతికుంటే మనల్ని ఊళ్ళోంచి తరిమేవాడు,” అన్నాడు పక్క పొలం రెగ్, ఉడికిన దుంప చీల్చి మధ్యలో సాసేజీ దోపుకుంటూ.

“నోరు మూసుకుని తిను,” అన్నాడు ఎర్రోల్.

“రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయిరా?”

అప్పుడొచ్చింది టామ్సిన్. చంకలో నెల్లీ, భుజాన నెల్లీ డబ్బా.

పొడుగు బల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. ప్రతి గిన్నె దగ్గరా ఆగి అడిగింది. ఉప్పు, నూనె అన్నారొకరు. ఉత్త గుమ్మడికాయ అన్నారు ఇంకొకరు. బెరిల్ ద్రాక్షపళ్ళు చూపించి, “వీటిలో ఏమీ కలపనివ్వలేదు మీ నాన్న,” అంది.

ఆఖరికి పెనం దగ్గరికొచ్చింది.

“ఇది?”

“కొత్తది. నిన్న చేశాను,” అన్నాడు ఎర్రోల్.

టామ్సిన్ తండ్రి మొహంలోకి చూసింది. తర్వాత ఒక కుర్చీ లాక్కుని, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చిన డబ్బాయే తెరిచింది.

ఎర్రోల్ పట్టకారుతో సాసేజీని ఊరికే అటూ ఇటూ తిప్పాడు.

“నమ్మకం లేక కాదు, నాన్నా. చెయ్యే మాట వినడం లేదు,” అంది.

నెల్లీకి ఈ గొడవలతో పని లేదు. ఒళ్ళోంచి జారి, పిల్లల మూకలోకి పరిగెత్తింది.

రెగ్ మనవరాలు ఐవీ, నాలుగేళ్ళది, సాసేజీ సగం కొరికి నిలబడి ఉంది. నెల్లీ వెళ్ళి ఎదురుగా నోరు తెరిచింది. ఐవీ మిగతా సగం ఆ నోట్లో పెట్టేసింది.

టామ్సిన్ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. రెండంగల్లో అక్కడుంది. వేళ్ళు పిల్ల నోటి దాకా వెళ్ళాయి.



నెల్లీ మాత్రం తాపీగా నములుతోంది. గడ్డం మీదుగా కొవ్వు కారుతోంది. తప్పు చేశాననుకుని ఐవీ ఏడుపుకి మూతి వంకర పెట్టింది.

టామ్సిన్ వెనక్కి తిరిగి బల్ల వైపు చూసింది. ఊళ్ళో వాళ్ళంతా తననే చూస్తున్నారు. ఎర్రోల్ చేతిలో పట్టకారు అలాగే ఉంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఐవీ ముందు గొంతుక్కూర్చుంది.

“నీ ఎంగిలి పెట్టావా?”

ఐవీ భయం భయంగా తలూపింది.

“ఇంకోటి కొరికి పెట్టమ్మా దానికి.”