మిల్లు వారి అంబాసిడర్

“ముందు బ్రేకులు చూడు మౌలాలీ. మిగతావన్నీ తర్వాత,” అంది రత్తమ్మ కారు చుట్టూ తిరుగుతూ.

మౌలాలీ కారు కిందనుంచి తల బయటపెట్టి, అసలు ఇంజనే తిరగని బండికి బ్రేకులతో పనేందక్కా అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. స్టూలు చూపించినా కూర్చోలేదు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు పక్కన మౌలాలీ షెడ్డు. ఇప్పుడు అక్కడికొచ్చేవి ఆటోలు, ట్రాక్టర్లు. అంబాసిడర్ మీద చెయ్యివేసి అతనికి చాలా కాలమైంది. ఈ బండి ఊరి చివర మూతపడిన పత్తి మిల్లు వెనక, రేకుల కింద ఏళ్ల తరబడి పడివుంది. టైర్లు నేలలోకి కూరుకుపోయాయి. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. మిల్లు యజమాని పోయాక వారసులు దాన్ని పాత ఇనుముకు వేయబోతుంటే, రత్తమ్మ వెళ్లి అడ్డుపడింది. పాడిగేదెలను అమ్మి కొనుక్కుని, ట్రాక్టరుకు కట్టి ఇక్కడికి లాక్కొచ్చింది.

శావల్యాపురంలో కాస్త పొలం చేసుకునే మనిషికి ఈ తుప్పు బండి ఎందుకో మౌలాలీకి మొదట అంతుపట్టలేదు. తర్వాత తనే ఒక సమాధానం చెప్పుకున్నాడు. ఆమె భర్త పిచ్చియ్య ఒకప్పుడు మిల్లులో డ్రైవరుగా చేసి ఉంటాడు. చేతికి అలవాటైన బండి మీద మమకారం అంత తేలిగ్గా పోదు. ఒకరోజు ఆ మాటే అడిగితే రత్తమ్మ ముఖం తిప్పుకుంది.

“ఒకసారి మమ్మల్ని నడిరోడ్డు మీద వదిలేసి పోయిందిలే.”

పాత బండ్లు ఎక్కడపడితే అక్కడ మొరాయిస్తాయని మౌలాలీ సర్దిచెప్పాడు.

రోజూ పొద్దున్నే బస్సు దిగేది. ఎప్పటికవుతుందని అడిగేది. అతను పనిలో ఉంటే బయటికి పోయి, వినుకొండ వైపు నుంచి వచ్చే లారీ డ్రైవర్లను ఆపి, రోడ్డు వెడల్పు పని ఎక్కడిదాకా వచ్చిందని వాకబు చేసేది. మళ్లీ లోపలికి వచ్చేది. శావల్యాపురం ఇవతల ఉన్న మలుపును తీసేసి రోడ్డు తిన్నగా వేస్తున్నారట. ఆ మలుపు పోకముందే ఈ కారులో అటు ఒకసారి వెళ్లిరావాలని ఆమె పట్టుదల. ఎందుకక్కా అంటే మాట మార్చింది.

పిచ్చియ్య మాత్రం షెడ్డులోకి అడుగుపెట్టలేదు. భార్యతో వచ్చిన రోజుల్లో కూడా ఎదురుగా టీ కొట్టు దగ్గరే నిలబడి బీడీ మీద బీడీ కాల్చేవాడు. గేదెలను అమ్మినందుకు అలిగాడేమో అనుకున్నాడు మౌలాలీ.

కార్బురేటరు గుంటూరులో పాత సామాన్ల కొట్లో దొరికింది. రేడియేటరుకు మాట్లు వేయించాడు. నల్లటి పొగ కక్కి ఇంజను మొదటిసారి లేచిన రోజు రత్తమ్మ చెవులు మూసుకుని బయటికి వెళ్లిపోయింది. ఆమె ఏడుస్తోందని మౌలాలీ గమనించి, చూడనట్టు ఊరుకున్నాడు. వెనక సీటు మాత్రం తనే దగ్గర నిలబడి కుట్టించింది. మనిషి పడుకుంటే ఒళ్లు నొప్పి పెట్టనంత మెత్తగా ఉండాలంది.

బ్రేకులే చివరిదాకా ఏడిపించాయి. ఒక చక్రం దగ్గర ఆయిల్ కారడం ఆగేది కాదు. అటు మలుపు దగ్గర చెట్లు కొట్టేస్తున్నారని కబురొచ్చింది. ఆ రోజు రత్తమ్మ అన్నం కూడా తినకుండా షెడ్డు ముందు పచార్లు చేసింది. ఆమెను చూడలేక మౌలాలీ విజయవాడ ఆటోనగర్‌కు పోయి కొత్త సామాను తెచ్చి బిగించాడు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి నడిపి చూసి, బాగుందన్నాడు.

మర్నాడే బయల్దేరారు. మౌలాలీ నడిపాడు. శావల్యాపురంలో పిచ్చియ్య ఇంటి ముందే నిలబడి ఉన్నాడు. డోరు హ్యాండిల్ పట్టుకుని చాలాసేపు ఎక్కలేదు. రత్తమ్మ భుజం మీద చెయ్యివేశాక ఎక్కాడు.

మలుపు దగ్గర మట్టి తవ్వే మిషను పని చేస్తోంది. ఆపమంది రత్తమ్మ. బ్రేకు తొక్కగానే కారు ఉన్నచోటే ఆగింది. భార్యాభర్తలిద్దరూ దిగి రోడ్డు అంచుకు నడిచారు. మౌలాలీ వాళ్ల వెనకే వెళ్లాడు.

“మా పిల్లోడు మోహన్ ఈడనే పడిపోయాడు,” అంది రత్తమ్మ.

బడినుంచి సైకిలు మీద వస్తున్న పిల్లవాడిని ఏదో బండి గుద్దిపోయిందట. వీళ్లు ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చేసరికి నెత్తుటి మడుగులో ఉన్నాడు. వచ్చిన ప్రతి బండికీ చేతులడ్డం పెట్టారు. ఒక్కటీ ఆగలేదు. చివరికి ఎడ్లబండిలో వేసుకుని బయల్దేరితే, పేట చేరకుండానే ప్రాణం పోయింది. ఇదంతా ఆమె పొలం పని గురించి చెప్పినట్టు చెప్పింది. వెనక సీటు మీద ఆమె శ్రద్ధ ఎందుకో మౌలాలీకి అప్పుడు తెలిసింది.

మొగుడూ పెళ్లాం వెనక ఎక్కారు. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు, మధ్యలో ఖాళీ వదిలి కూర్చున్నారు.

“పేట ఆస్పత్రికి పోనీ. యాడా ఆపమాక,” అంది.

మౌలాలీ ఎక్కడా ఆపలేదు. ఆస్పత్రి గేటు ముందు ఇంజను కట్టేశాక ఎవరూ దిగలేదు. రత్తమ్మ ఖాళీగా ఉన్న సీటు మీద అరచేయి పెట్టి, “వచ్చేశాం నాయనా,” అంది. కొన్ని వారాలుగా ఒకచోట నిలవని మనిషి, సీటుకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

మౌలాలీ వెనక్కి తిరిగాడు. ఏదో ఒకటి అనాలనిపించింది.

“ఆ రోజు ఈ కారు మీ దగ్గరుంటే పిల్లోడు బతికేవాడు గదా బావా.”

పిచ్చియ్య గేటు వైపే చూస్తూ అన్నాడు.

“వాణ్ణి గుద్దింది ఈ కారే.”