ఒకసారి బ్రేకులు చూడండి

గుంటూరు బస్సు పర్చూరు సెంటర్లో ఆగింది. హమాలీ టాపెక్కి తాడు విప్పి, ఒక నల్ల సైకిలుని కిందికి దించుతున్నాడు.

“జాగ్రత్తయ్యా! రిమ్ము సొట్టపడుద్ది!” షాపులోంచే కేకేశాడు జక్రయ్య.

పొద్దున్నించీ ఆ బస్సు కోసమే అతను కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాడు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో, ఫిబ్రవరి పద్దెనిమిదిన, ఏటా దేవకుమారి వస్తుంది. గుంటూరులో ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. సైకిలు తొక్కడం రాదు. చేత్తో నడిపించుకుంటూ వచ్చి షాపు ముందు స్టాండు వేస్తుంది. ఇది తొమ్మిదోసారి.

“ఒకసారి బ్రేకులు చూడండి” అంది తలెత్తకుండా.

“చూస్తాను” అన్నాడు జక్రయ్య.

అంతే. ఏడాది మొత్తానికి ఆమె నోటినుంచి వచ్చేది ఆ ఒక్క మాటే. చేతిసంచిలోంచి బంతిపూల పొట్లం తీసుకుని సమాధుల దొడ్డి వైపు వెళ్ళిపోయింది. గంటలో తిరిగొస్తుంది. జక్రయ్య తెల్లవారుజామునే అక్కడికి వెళ్ళొచ్చాడు. అక్కడ ఆమెకి ఎదురుపడే ధైర్యం అతనికి ఏనాడూ లేదు.

సైకిలుని తిరగేసి నిలబెట్టాడు. అల్లాటప్పా సైకిలా అది! పొగాకు కంపెనీ దొర ఒకడు సీమకి పోతూ అమ్మేసిన ఇంగ్లండు బండి. నలభై ఏళ్ళయినా ఇనుము ఎక్కడా చెక్కు చెదరలేదు. వైరు బ్రేకులు కావు, కడ్డీ బ్రేకులు. కీళ్ళన్నీ విప్పి కిరసనాయిల్లో కడిగాడు. ఒక్కో కీలుకి చుక్కచుక్కగా నూనె పోశాడు. చక్రం తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. పోయినేడు వేసిన బ్రేకు రబ్బర్లు వెంట్రుకవాసి కూడా అరగలేదు. తొక్కేవాళ్ళుంటేగా! అయినా పీకేసి కొత్తవి బిగించాడు.

అలీ సాహెబు టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. అతను సెంటర్లో టీ బడ్డీ పెట్టి ఆర్నెల్లే అయింది. ఊళ్ళో సంగతులు పూర్తిగా తెలీవు. తెలుసుకోకపోతే మాత్రం అన్నం సయించదు.

“ఎవరు జక్రయ్యా ఆవిడ? గుంటూర్లో సైకిలు షాపులే గొడ్డుపోయాయా, బస్సెక్కించి మరీ నీ దగ్గరికి తెస్తంది?”

జక్రయ్య పానా పక్కన పెట్టాడు.

“ఆవిడ కొడుకు పోయింది ఈ సైకిలు మీదే. పదహారేళ్ళోడు. ఇంకొల్లు రోడ్డు మలుపులో సైకిలు పక్కకెగిరి పడింది, వాడు మిరపకాయ బస్తాల లారీ కింద పడ్డాడు. బ్రేకు పడలేదు.”

“యా అల్లా! ఆ బ్రేకు చూసిన మెకానిక్కు ఎవడో గానీ...”

“చూళ్ళేదు. బ్రేకు పట్టడం లేదని ఆ పిల్లాడు ముందురోజే చెప్పాడు. గిరాకీ సైకిళ్ళు ఆరు వరసలో ఉన్నాయి. రేపు చూద్దాంలేరా అన్నాను. ఆ మెకానిక్కుని నేనే, సాహెబూ.”

అలీ సాహెబు టీ గ్లాసు పెట్టెమీద పెట్టి మెల్లగా వెళ్ళిపోయాడు.

జక్రయ్య ఆ టీ ముట్టలేదు. దేవకుమారి ఎందుకొస్తుందో తనకి తెలుసనుకుంటాడు అతను. మానబోయే పుండుని గెలికి పోవడానికి. గెలకనీ! తనకోసమంటూ ఈ షాపుకొచ్చే మనిషి ఇంకెవరున్నారు గనుక? ఊళ్ళో మోపెడ్లు ఎక్కువయ్యాక గిరాకీ కూడా సన్నగిల్లింది. కొన్ని రోజులు పలకరించే నాథుడే ఉండడు. రాత్రి ఇంత అన్నం ఉడకేసుకుని, రేడియోతో పాటు తనూ ఏదో గొణుక్కుంటూ తింటాడు.

ఆమె ఒక్కసారి నోరు తెరిస్తే చాలు. “నా కొడుకుని పొట్టన పెట్టుకున్నారు” అని నడిబజార్లో దుమ్మెత్తిపోసినా సరే, ప్రాణం తేలికపడుతుంది. ఈసారి ఆమె అనకపోతే తనే అంటాడు. నిన్నట్నించీ గుండె చిక్కబట్టుకుంటున్నాడు.

దేవకుమారి తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపకాయల ఘాటుకి ఊరంతా కళ్ళు తుడుచుకుంటున్నదే, ఆమెవీ అంతే అనుకోవచ్చు. సైకిలు దగ్గరికెళ్ళి బ్రేకు నొక్కి చూసింది.

“టీ తెప్పించనా?” అన్నాడు జక్రయ్య.

“వద్దండి.”

“బస్సుకి ఇంకా టైముంది.”

ఆమె రెండో బ్రేకు కూడా నొక్కి చూసింది. జక్రయ్య నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచాడు.

“తప్పంతా నాదే” అన్నాడు చివరికి. “ఆ రోజు ఒక్క పది నిమిషాలు దీని ముందు కూర్చునుంటే వాడు బతికేవాడు. ఇన్నేళ్ళూ ఆ మాట అనే దమ్ము లేకపోయింది. ఏమన్నా పడతాను.”

దేవకుమారి సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గుంటూరు బస్సు వచ్చి హారను కొట్టింది.

“అమ్మా, సైకిలు టాపెక్కించమంటారా?” అరిచాడు హమాలీ.

“వద్దు, పోనీ” అంది ఆమె.

బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. గుంటూరుకి మళ్ళీ సాయంత్రం దాకా బస్సు లేదు. జక్రయ్యకి ఏమీ అర్థంకాలేదు. దేవకుమారి తొమ్మిదేళ్ళలో మొదటిసారి తలెత్తి అతని ముఖంలోకి చూసింది. చెయ్యి చాపింది.

“ఇంటి తాళం ఇవ్వండి, ‘బ్రేకు లేదమ్మా’ అని మొత్తుకుంటున్నా వినకుండా ఆ రోజు మన పిల్లాణ్ణి రోడ్డుమీదికి తరిమింది నేనే, ఆ మాట మీకు చెప్పలేకే ఇల్లొదిలి పోయాను.”