తలుపుల పేజీలో బావ ఫొటో

పొద్దుటి నుంచి ముసురు. పాలిష్ ఆరక, తలుపులు చేసే బావ ఖాళీగా ఉన్నాడు. మా వెబ్ పేజీ చూసి ఈ నెలైనా ఎవరూ ఆర్డరివ్వకపోతే షెడ్డు మూసెయ్యాలి.

"నీ ఫొటో మరీ పెద్దది బావా, పేజీ తెరుచుకోడానికి ఆలస్యమవుతోంది. నుదురు కనబడేసరికే జనం విసుగెత్తి పోతున్నారు. తీసేసి తలుపు పెడదాం."

"చేసినోడి మొహం చూస్తేనే నమ్మకం బామ్మర్దీ! చిన్నది చెయ్, తియ్యకు."

చేశాను. మొహమంతా క్షణంలో వచ్చింది.

పన్నెండింటికి, పేజీకి ఎంతమంది వచ్చారో లెక్క చూశాను. నలభైమంది వచ్చి, రెండేసి సెకన్లలో పోయారు. ఒక్కరు మాత్రం గంట నుంచి పేజీలోనే ఉన్నారు.

"ఆ ఒక్కడూ కొంటాడ్రా," అన్నాడు బావ, ఫోనులోంచి తలెత్తకుండా.

పన్నెండూ పదికి అక్క అన్నానికి పిలిచింది. బావ ఫోను కట్టేసి లేచాడు.

లెక్కలో, సరిగ్గా పన్నెండూ పదికే ఆ ఒక్కడూ వెళ్ళిపోయాడు.