ఆరో తొట్టి

ఆరో తొట్టిలో చిన్న తోకకప్పలు చచ్చిపోయింది మంగళవారం నాడు.

పరిశోధకురాలు వాటిని చిన్న వలతో తీసి, తెల్ల పళ్ళెంలో పరిచి లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. మొదట వేసినవి నలభై.

"ఆ రెండూ ఏమైనట్టు?" అన్నాడు అటెండరు.

"పెద్దవి తినేసి ఉంటాయి."

"మా పెద్దన్నయ్యా ఇంతే మేడమ్. తన పళ్ళెం ఖాళీ చేసి, నా పళ్ళెం వంక చూసేవాడు."

ఆమె నవ్వలేదు. ఏడుపూ రాలేదు. అంకె రాసుకుంది.

కాలేజీ వెనక వరండాలో ఆరు తొట్లు. ఒక్కోదాంట్లో రెండు జాతుల కప్పల పిల్లలు. గోధుమరంగువి పెద్దవి, నల్లవి చిన్నవి. వేసే ఉడికిన ఆకుకూర రెండింటికీ కలిపే. ఒకే నీళ్ళలో రెండూ బతకగలవా అన్నది ప్రశ్న.

ఐదు తొట్లలో నల్లవి రెండు వారాలకే పోయాయి. ఆరోదాంట్లో మాత్రం నెల దాటినా తిరుగుతూనే ఉండేవి. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

అసలు ప్రశ్న ఆమెది కాదు. నిరుడు ఈ పని మొదలుపెట్టిన అమ్మాయి జ్వరంతో చనిపోయింది. తొట్లూ, సగం రాసిన నోటుపుస్తకమూ ఈమె చేతికి వచ్చాయి. ఆ అమ్మాయిని ఈమె చూడనైనా లేదు.

కిందటి గురువారం, వరండా ఊడ్చే ఆవిడ ఆరో తొట్టిలో గుప్పెడు ఎండుటాకులు వేస్తూ కంటబడింది.

"ఏమ్మా, అది చెత్తకుండీ అనుకున్నావా?"

"కాదమ్మా. చిన్నవి కింద చేరతాయని."

"ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నావు?"

"మొదట్నించీ. ఈ ఒక్కదాంట్లోనే."

"ఎవరు వెయ్యమన్నారు?"

ఆవిడ చీపురు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"రెండేళ్ళ పని. నీ ఆకుల పాలు చేశావు. రేపట్నించి ఇటు రాకు."

"రాననుకో. అవి మాత్రం తియ్యకమ్మా."

పరిశోధకురాలు అక్కడికక్కడే మోచేతి దాకా చెయ్యి ముంచి ఆకులన్నీ తీసేసింది. ఆవిడ చూస్తూ నిలబడింది. తర్వాత వెళ్ళిపోయింది.

అది జరిగి ఐదు రోజులు.

ప్రొఫెసరుగారు పళ్ళెం వంక చూశారు.

"ఆకులు తీశాకే పోయాయా?"

"అవునండీ."

"అయితే జవాబు నీ చేతిలోంచే పోయిందమ్మా. పెద్దవి పైన ఆకుకూర తిన్నాయి. చిన్నవి అడుగున దాక్కుని, ఆకుల మీద పట్టిన పాకుడు గీక్కుని బతికాయి. ఇంతకీ అవి ఏ చెట్టు ఆకులు?"

ఆమెకు తెలియదు. చెత్తబండి శుక్రవారమే వచ్చి వెళ్ళింది.

"ఆవిణ్ణే అడుగు. వచ్చే వానలకు మళ్ళీ మొదలుపెడదాం."

ఆమె శుభ్రతపని సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది.

"వెనక వరండా ఊడ్చే ఆవిడ ఎక్కడ దొరుకుతుందండీ?"

"వెనక వరండాకా? మనిషిని పంపలేదని ఏడాదిగా మీవాళ్ళు నన్ను తిడుతూనే ఉన్నారు కదా మేడమ్."

"రోజూ వచ్చి ఊడుస్తుంది. నెల పైనే అయింది."

"మా మనిషి కాదండీ. ఊరికే ఊడ్చిపెట్టేవాళ్ళుంటే కాస్త నాకూ చూపించండి, పుణ్యముంటుంది."

ఆమె గేటు దగ్గరికి వెళ్ళి ఆనవాళ్ళు చెప్పింది. వాచ్‌మన్ తలూపాడు.

"ఆవిడా? బయటి మనిషేనండీ. రోజూ పుస్తకంలో రాశాకే లోపలికి వెళ్ళేది. గురువారం తర్వాత మళ్ళీ రాలేదు."

అతను సందర్శకుల పుస్తకం తెరిచి ముందుకు జరిపాడు. నెల పైచిలుకు రోజులు, రోజుకో వరుస. గుండ్రటి, ఓపికైన అక్షరాలు.

ఆమె ముందు ఫోన్ నంబరు రాసుకుంది. ఆ తర్వాత పక్క గడి చూసింది.

'ఎవరి కోసం వచ్చారు' అన్న చోట, ప్రతి వరుసలోనూ, నిరుడు చనిపోయిన అమ్మాయి పేరు ఉంది. దాని పక్కన 'మా అమ్మాయి' అని ఉంది.

ఆ నంబరుకు ఆమె ఇంకా ఫోన్ చెయ్యలేదు.