బ్రేకు మాస్టారి వణుకు

"బ్రేక్! బ్రేక్ తొక్కవే!" అని కేకేస్తూ బ్రేకు మాస్టారు కుడికాలు నేలకేసి టపటపా కొట్టారు.

ఆయన భార్య చేసిన నేరమల్లా ఊడవడానికి ఆయన కూర్చున్న కుర్చీని కాస్త వెనక్కి లాగడమే. ఆవిడ చీపురు అక్కడే పడేసి చెప్పులేసుకుంది.

"ఇక చాలు, పదండి. ఇవాళ మిమ్మల్ని మనసు డాక్టరుకి చూపించాల్సిందే."

ఊళ్లో సగంమందికి కారు నేర్పిన మనిషాయన. నేర్పేటప్పుడు చూపంతా శిష్యుల కాళ్ల మీదే, మొహాలు గుర్తుండవు. కిందటి నెల ఓ శిష్యుడు, ముందుకు పొమ్మంటే వెనక్కి పోనిచ్చి, కారుని తిన్నగా సెలూన్‌లోకి దూర్చాడు. గడ్డం సగం గీయించుకున్న పెద్దమనిషి ఒకాయన నురగతో సహా వచ్చి డిక్కీ మీద కూర్చున్నాడు. ఎవరికీ చిన్న గీత పడలేదు గానీ మాస్టారి గుండె మాత్రం జారిపోయింది. అప్పట్నుంచీ హారన్ వినబడితే చాలు, బల్ల కిందే కాపురం. కారు ముసుగుతన్ని పడుకుంది. డ్రైవింగ్ స్కూలు మూతపడేలా ఉంది. ఇంకో పని తెలియని మనిషి, లోలోపల కుమిలిపోతున్నారు.

మాస్టారు గుమ్మంలో అడుగుపెట్టగానే మొదటి డాక్టరు దిగ్గున లేచి నిలబడ్డాడు.

"నా వల్ల కాదు సార్" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ.

"నేనింకా ఏమీ చెప్పలేదు కదండీ!"

"చెప్పక్కర్లేదు సార్. చూస్తేనే తెలిసిపోతోంది."

రెండో డాక్టరు మరీ అన్యాయం. మాస్టారిని చూస్తూనే వెనక తలుపులోంచి మాయమయ్యాడు. భోజనానికి వెళ్లారని నర్సు చెప్పింది. పొద్దున్నే భోజనమేమిటో ఆవిడకే తెలియాలి.

రోడ్డు మీదికొచ్చాక మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశావా, నాది మందులేని రోగం. మొహం చూసే చెప్పేస్తున్నారు."

"ఊరుకోండి. ఇంకొకావిడ ఉందిట. చాలా ఓపికట."

ఆ ఓపికగలావిడ కూడా లేచి నిలబడింది గానీ పారిపోలేదు. కుర్చీ ఇంకాస్త దూరం జరుపుకుని, గోడ అద్దంలోకి ఓసారి చూసుకుని, మెల్లిగా అడిగింది. "సార్... మీరు అరవరు కదా?"

"నేనెందుకు అరుస్తానమ్మా? పేషెంటుని!"

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మాస్టారు సెలూన్ కథంతా, పొద్దుట్నుంచీ ఇద్దరు డాక్టర్లు తప్పించుకున్న సంగతీ చెప్పుకున్నారు. ఆవిడ చివరిదాకా విని మంచినీళ్లు అందించింది.

"ఇది పిచ్చి కాదు సార్. పెద్ద భయం తగిలితే మనసు అక్కడే ఆగిపోతుంది. నయమవుతుంది."

"మళ్లీ కారెక్కుతానంటావా?"

"ఎక్కుతారు. కాకపోతే ఒంటరిగా ఉండకండి. ఇలాంటి బాధే ఉన్నవాళ్లం ఆదివారాలు ఇక్కడే కూర్చుని మాట్లాడుకుంటాం. మీరూ రండి."

"వాళ్లకీ కారంటే భయమేనా?"

"స్టీరింగు పట్టుకుంటే చెమటలే. ఇందాక మీరు వెళ్లొచ్చిన డాక్టర్లిద్దరూ వస్తారు."

"డాక్టర్లు కూడానా!"

మాస్టారికి తన బాధ మర్చిపోయేంత జాలేసింది. జాలి వెంటే కోపమూ తన్నుకొచ్చింది. బల్ల గుద్ది లేచారు.

"ఇంతమంది బతుకులు ఇలా చేసిన దుర్మార్గుడెవడమ్మా? చెప్పు, వాడి సంగతి నేను చూస్తా!"

ఆ అరుపుకి ఆవిడ కుడికాలు బల్ల కింద బ్రేకు కోసం వెతుక్కుంది.

"మీరే సార్."