ఆఖరి పిల్లకు ఇల్లు

"ఆ పిల్లను వాళ్లకియ్యకమ్మా."

గేటు అవతల నిలబడ్డ మనిషి ఆ మాట రెండోసారి అన్నాడు.

కమల చేతిలోని పెరుగన్నం గిన్నెను అరుగు మీద పెట్టింది.

"ఎవరికి?"

"ఆబిడ్స్‌ల వరప్రసాద్ సారోళ్లకు. బుధవారం తీస్కపోతరట గదా."

"నీకెట్ల ఎరుక?"

"ఎరుకైంది. గంతే."

కమలకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో లాబ్రడార్ కుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్ముతోంది. ఏ పిల్లను ఏ ఇంటికివ్వాలో దారిన పోయేవాడు ఆమెకు చెప్పాలా?

రాగానే రేటు అడిగాడని కోఠి షావుకారును గుమ్మంలోంచే పంపేసిన మనిషి ఆమె. పాప పుట్టినరోజుకు బహుమతిగా కావాలన్న దంపతులకు బొమ్మల దుకాణం దారి చూపించింది. ఎవరొచ్చినా ముందు పిల్లను నట్టింట్లో వదిలేది. వచ్చినవాళ్లలో కింద కూర్చునేదెవరో, సోఫాలోంచే చిటికెలు వేసేదెవరో చూసేది. ఆ పరీక్ష నెగ్గితే, ఇక పోలీసు విచారణ లాంటి ప్రశ్నలు.

తల్లికుక్క బర్ఫీ ఈ కాన్పులో ఎనిమిది పిల్లల్ని పెట్టింది. ఏడింటికి ఇళ్లు కుదిరాయి. మిగిలింది ఒక్కటే, అన్నిటికంటే బక్కది. రాత్రనకా పగలనకా పాలు పట్టి బతికించుకుంది. అందుకే దాని మీద ప్రాణం. అది మంచి ఇంట్లో పడితే చాలు, ఈ ఏటికి ఇంకేం అక్కర్లేదనుకుంది.

ఆదివారం వచ్చిన వరప్రసాద్, సుష్మ ఇద్దరూ కింద కూర్చున్నారు. ఎన్నిసార్లు తిండి పెట్టాలి, ఏ టీకా ఎప్పుడు, పళ్లు వచ్చేటప్పుడు కొరకడానికి ఏమివ్వాలి... అడిగిందల్లా టకటకా చెప్పారు. ఇంత తెలిసినవాళ్లు ఈ మధ్య తగల్లేదని కమల మురిసిపోయింది.

"వాళ్లకేం తక్కువైంది?" అని అడిగింది ఇప్పుడు.

"చిన్నగున్నప్పుడు మంచిగనే సూస్తరమ్మా. పెద్దగైనంక..."

"పెద్దగైనంక ఏంది? నువ్వు సూసినవా?"

ఆ మనిషి గల్లీకి అటూ ఇటూ చూశాడు.

"నేను చెప్పిన్నని వాళ్లకు ఎరుక కావద్దమ్మా."

"అసలు నువ్వెవరో నాకే ఎరుక లేదు."

"ఇంకోరికియ్యి. ఎవరూ దొరకకపోతే నాకియ్యి. మంచి ఇల్లు సూసి నేనిస్త."

అదీ సంగతి. కమలకు అంతా అర్థమైపోయింది. వీడు బ్రోకరు. ఉత్తపుణ్యానికి పిల్లను కొట్టేసి ఇంకెక్కడో అమ్ముకునే రకం.

"నువ్వు ఇల్లు సూస్తవా? అద్దంల మొఖం సూస్కున్నవా ఎప్పుడన్న?"

"కోపం జెయ్యకు. జర నా మాట..."

"నడువ్. మల్ల గీ గల్లీల కనబడితే కుక్కను ఇడుస్త."

బర్ఫీ కూడా యజమానురాలి పక్షమే. గేటు మీదికి కాళ్లెత్తి గొంతు చించుకుంది. ఆ మనిషి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అరుగు మీది పిల్లను కాసేపు చూసి, మొజంజాహీ మార్కెట్ వైపు వెళ్లిపోయాడు.

కమల కోపం అంతటితో చల్లారలేదు. వెంటనే ఫోన్ తీసింది.

"సుష్మ మేడం, మీ మీద చాడీలు చెప్పనీకి ఒకడొచ్చిండు. తిట్టి తోలిన."

"ఎవరండీ? ఎలా ఉన్నాడు?"

కమల ఒక్కటీ వదల్లేదు. గళ్ల చొక్కా, నెరిసిన గడ్డం, చెవికి పోగు, ఈడుస్తూ వేసే కుడికాలు.

కుడికాలేనా అని సుష్మ రెట్టించి అడిగి తెలుసుకుంది.

"చెప్పి మంచి పని చేశారండీ," అంది సుష్మ.

బుధవారం పిల్ల కారెక్కి వెళ్లిపోయింది.

ఆరు నెలలు గడిచాయి. మొదట్లో రోజుకో ఫొటో వచ్చేది, తర్వాత వారానికొకటి, ఆ తర్వాత అదీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కమలకు మనసు ఆగక ఆబిడ్స్‌కు ఆటో ఎక్కింది.

సుష్మ తలుపు సగమే తీసింది.

"పారిపోయిందండీ. గేటు తీసి ఉంటే వెళ్లిపోయింది. చెబితే బాధపడతారని చెప్పలేదు."

"ఎతికిన్రా?"

"మావారు చూశారండీ. అయినా అది మరీ అంత పెద్దదవుతుందని అనుకోలేదు. ఈసారి చిన్న జాతిది ఉంటే చెప్పండి."

 కమల గబగబా మెట్లు దిగింది. గేటు పక్కన ఇస్త్రీ బండి దగ్గరున్న ముసలామెకు ఫోన్‌లో ఫొటో చూపించింది.

"గీ కుక్క ఎటు పోయిందో సూసినవా అవ్వా?"

"అది పోలేదు బిడ్డా. కార్ల ఎక్కించుకపోయి మూసీ కాడ ఇడిసిపెట్టొచ్చిన్రు. వాళ్లకిది మూడోది."



"ముందటి రెండు?"

"గవి బతికినయి. గీడ అంజయ్య అని వాచ్‌మన్ ఉండె. ఆ కాలు ఈడ్సుకుంటనే ఊరంత తిరిగి, ఎతికి తోలుకొచ్చిండు. తన రూముల పెట్టుకొని సాకిండు. అడిగినోళ్లందరికి ఇయ్యకపాయె. ఇల్లు సూసి, మనుషుల్ని సూసి ఇచ్చిండు. ఇచ్చినంక గూడ వారం వారం పోయి సూసొచ్చెటోడు."

"ఆయన ఇప్పుడేడున్నడు?"

"ఎవరికెరుక. ఎవరో ఆడామె మేడంకు ఫోన్ చేసి ఆయన ఆనవాళ్లన్ని చెప్పిందట, గా దినమే పనిల నుంచి తీసేసిన్రు. గాయన ఉంటే గీ పిల్లను గూడ ఎతికి తెచ్చెటోడు బిడ్డా."