ఆఖరి మూడు నిమిషాలు

"మళ్ల లేస్తున్నవా? కూసో!" దేవవ్వ భర్త చొక్కా పట్టి కిందికి గుంజింది.

సుల్తానాబాద్ థియేటర్‌లో మ్యాట్నీ. కరాటే సినిమా ఆఖరి పోటీకి వచ్చింది. ఆమె భర్త, బట్టల దుకాణం రామచంద్రం, ఇప్పటికే రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ముగింపుకు ముందే వెళ్లిపోయాడు. రేపటి నుంచి ఇక్కడ వేరే బొమ్మ.

"దుకాణంల గిరాకీ ఉంటది."

"గీ ఎండల ఎవలొస్తరు? సాయంత్రం మమత ఫోన్ జేస్తది. ఆఖరుకు ఏమైందంటే ఏం చెప్తవ్?"

రామచంద్రం కూర్చున్నాడు. బిడ్డ మమతను పదేళ్లు కరాటే పోటీలకు తిప్పింది ఆయనే. కానీ పోటీ బిగిసిందంటే చాలు, చాయ్ అంటూ బయటికి నడిచేవాడు. ఈ సినిమాలో వేషం దొరికినప్పుడు మమత ఒక్కటే అడిగింది. "గిదన్న ఆఖరుదాక చూడు బాపూ."

తెర మీద నీలం బెల్టు హీరోయిన్ దెబ్బ మీద దెబ్బ తింటోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. రామచంద్రం నిమ్మళంగా పల్లీలు నములుతున్నాడు.

"గుండె గట్టిదే సేటూ నీది," అన్నాడు తలుపు దగ్గరున్న గేటుమనిషి హనుమండ్లు.

హీరోయిన్ లేచి నిలబడింది. ఈలలు మోగాయి, చించిన కాగితాలు ఎగిరాయి. రామచంద్రం పల్లీల పొట్లం పక్కన పడేసి తలుపు దాకా వెళ్లాడు.

"గెలిచే టైముకు పోతవేంది? టికెట్ పైసలు వసూలయ్యేది గీడనే!" హనుమండ్లు అడ్డం నిలబడ్డాడు.

"నాయి ఎప్పుడో వసూలైనయ్. తొవ్వ ఇడువు."

దేవవ్వ వెనకే వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుంది, అంతే. ఆయన తెర వైపు తిరిగాడు.

ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడి చూశారు. దీపాలు వెలిగేదాకా ఆయన రెప్ప వేయలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది.

"మళ్ల నడుమల్నే లేచినవా బాపూ?"

"లేవలే."

"అయితే చెప్పు, ఆఖరుకు నేనేం చేసిన?"

"ఎదుటి పిల్లకు వంగి దండం పెట్టినవ్. దగ్గరికి తీసుకున్నవ్. నవ్వినవ్ గూడ."

"నిజంగనే చూసినవ్ బాపూ," అంది మమత.

"చూసిన బిడ్డా. ఇగ ఎన్నడూ నడుమల లేవ."

ఆ సినిమాలో ఓడిపోయే వేషం మమతది.